గుర్రం చారలు చెప్పిన కథ – చార్లెస్ డార్విన్ జీవితం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• చార్లెస్ డార్విన్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• గుర్రాల ఒంటి మీది చారలను గురించి ఆయన సమాచారం ఎలా సేకరించాడో వివరించగలుగుతారు.
• ఒక సమాచారాన్ని ఎప్పుడు నమ్మవచ్చు, ఎప్పుడు పరీక్షించాలి అనే విషయం ఆలోచించగలుగుతారు.

1. పరిచయం

మీరు సూరత్ నగరంలో ఉన్నారనుకోండి. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కనుక మీలో కొందరికి ఇది ఊహ కాదు, నిజమే కావచ్చు. అక్కడి పెళ్ళి ఊరేగింపులో వరుడు గుర్రమెక్కి రావడం మీరు చూసే ఉంటారు. చూసినప్పుడు ఆ గుర్రం మీది జరీ బట్ట, మెడలోని పూసలు కనిపించి ఉంటాయి. దాని కాళ్ళ మీద, వెన్ను మీద చారలు ఉన్నాయేమో ఎప్పుడైనా చూశారా?

సూరత్ దగ్గరి హజీరా రేవు నుంచి ఖంభాత్ సింధుశాఖను దాటితే అవతలి ఒడ్డున ఘోఘా వస్తుంది. ఈ దారిలో వాహనాలను కూడా ఎక్కించుకునే నౌకల రాకపోకలు 2020లో మొదలయ్యాయి. ఘోఘా నుంచి పడమరగా విస్తరించిన ద్వీపకల్పమే కాఠియావాడ్. దీనినే సౌరాష్ట్ర అని కూడా అంటాం. ఈ ప్రాంతం పేరుతోనే ఒక గుర్రపు జాతి ఉంది. కాఠియావాడీ గుర్రాన్ని గుర్తుపట్టడం సులభం. దాని చెవుల కొనలు లోపలికి వంగి, ఒకదానినొకటి తాకేటట్లు ఉంటాయి. ఈ జాతిలో లేత ఇసుక రంగు గుర్రాలు తరచుగా కనిపిస్తాయి. వాటి వెన్ను పొడవునా ఒక నల్లని చార, కాళ్ళ మీద అడ్డచారలు ఉంటాయి.

సుమారు నూట అరవై ఏళ్ళ కిందట, ఇంగ్లండులోని ఒక పల్లెటూళ్ళో కూర్చున్న ఒక మనిషి ఈ చారలను గురించి ఎంతో ఆలోచించాడు. ఆయన కాఠియావాడ్ చూడలేదు. సూరత్ చూడలేదు. భారతదేశానికే ఎన్నడూ రాలేదు. అయినా ఈ గుర్రాల సంగతి తన ప్రసిద్ధ గ్రంథంలో రాశాడు. ఆయనే చార్లెస్ డార్విన్. చూడని గుర్రాన్ని గురించి ఆయనకు ఎలా తెలిసింది? ఆ తెలిసినది ఎంతవరకు నిలిచింది? ఈ పాఠంలో ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకుందాం.

2. బాల్యం, చదువు, సముద్రయానం

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ పేరున్న వైద్యుడు. ఎనిమిదో ఏట తల్లి చనిపోయింది. బడి చదువులో ఆయన ముందుండే విద్యార్థి కాదు. పురుగులను పోగుచేయడం, వేటకు వెళ్ళడం, గుర్రపు స్వారీ చేయడం ఆయనకు ఇష్టం. తండ్రి వైద్యం చదవమని ఎడింబరోకు పంపాడు. మత్తుమందు లేని ఆ కాలంలో శస్త్రచికిత్స చూడలేక ఆ చదువు మానేశాడు. తరువాత మతాచార్యుడు కావాలని కేంబ్రిడ్జిలో చేరి 1831లో పట్టం పొందాడు.

ఆ ఏడాది డిసెంబరు 27న బీగిల్ అనే ఓడలో ప్రకృతి పరిశోధకుడుగా బయలుదేరాడు. రెండేళ్ళు అనుకున్న ప్రయాణం దాదాపు ఐదేళ్ళు సాగింది. 1836 అక్టోబరు 2న ఇంగ్లండుకు తిరిగి వచ్చాడు. ఆ తరువాత ఆయన మళ్ళీ ఎన్నడూ బ్రిటన్ దాటి పోలేదు. ఇది గమనించండి. ప్రపంచమంతా తిరిగినవాడని మనం అనుకునే డార్విన్, తన ముఖ్యమైన గ్రంథాలన్నీ ఇంటి పట్టున ఉండే రాశాడు.

3. డౌన్ గ్రామం – ఉత్తరాల సంచి

1839లో డార్విన్ తన బంధువు ఎమ్మాను వివాహం చేసుకున్నాడు. 1842లో వారు లండన్‌కు దగ్గరలో ఉన్న డౌన్ అనే పల్లెకు మారారు. అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. వాంతులు, నీరసం, తలనొప్పి జీవితాంతం వదలలేదు. పది మంది పిల్లలు పుట్టారు. వారిలో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. పదేళ్ళ కుమార్తె ఆనీ 1851లో చనిపోయినప్పుడు ఆయన తట్టుకోలేకపోయాడు.

ఒక జాతి ప్రాణి నుంచి మరొక జాతి ప్రాణి కాలక్రమంలో ఏర్పడుతుందన్న ఆలోచన ఆయనకు అప్పటికే స్థిరపడింది. కానీ రుజువులు కావాలి. కదలలేని మనిషి రుజువులను ఎక్కడి నుంచి తెస్తాడు? ఆయనకు తపాలా తోడయింది. 1840లో బ్రిటన్‌లో ఒక పెన్నీకే ఉత్తరం పంపే పద్ధతి వచ్చింది. పావురాలు పెంచేవారికి, తోటమాలులకు, గుర్రాల వ్యాపారులకు, దూరదేశాల్లోని సైనికాధికారులకు ఆయన ప్రశ్నలు రాసి పంపేవాడు. ఆయన రాసినవి, ఆయనకు వచ్చినవి కలిపి సుమారు 15,000 ఉత్తరాలు నేటికీ దొరుకుతున్నాయి. వాటిని సంపుటాలుగా అచ్చువేసే పని 1974లో ప్రారంభమై, ముప్ఫై సంపుటాలుగా 2020 తరువాతగాని పూర్తికాలేదు.

4. చారల ప్రశ్న

మన పెద్దలు గుర్రాన్ని కొనేటప్పుడు దాని సుళ్ళు, మచ్చలు చూసేవారు. ఏ సుడి శుభం, ఏ సుడి అశుభం అని అశ్వశాస్త్రాల్లో రాసి పెట్టారు. డార్విన్ కూడా అదే చర్మాన్ని చూశాడు. కాని ఆయన అడిగిన ప్రశ్న వేరు. ఈ గుర్తు ఏమి జరగబోతుందో చెబుతుందా అని ఆయన అడగలేదు. ఏమి జరిగిందో చెబుతుందా అని అడిగాడు.

ఈ ప్రశ్న అర్థం కావడానికి ముందుగా పావురాలను చూద్దాం. పెంపుడు పావురాల్లో తెల్లవి, నల్లవి, ఎర్రవి ఎన్నో రకాలు ఉన్నాయి. వేరు వేరు రంగుల రకాలను కలిపి పిల్లలు చేయిస్తే, కొన్నిసార్లు ఆ పిల్లల్లో లేదా వాటి పిల్లల్లో నీలి రంగు, రెక్కల మీద రెండు నల్ల పట్టీలు కనిపిస్తాయి. తల్లికీ తండ్రికీ లేని ఈ గుర్తులు ఎక్కడివి? అడవిలోని కొండ పావురానివి. పెంపుడు పావురాలన్నీ ఆ కొండ పావురం సంతతే గనుక, దాగి ఉన్న పాత గుర్తు మళ్ళీ పైకి వచ్చిందని డార్విన్ గ్రహించాడు. డార్విన్ స్వయంగా పావురాలను పెంచి ఈ విషయాన్ని పరీక్షించాడు.

ఇదే ఆలోచనను ఆయన గుర్రానికి వర్తింపజేశాడు. ఏ చారా లేని గుర్రాల మధ్య అప్పుడప్పుడు చారల గుర్రం పుడుతుంది. గాడిద భుజం మీద అడ్డచార ఉంటుంది. కొన్నిటికి కాళ్ళ మీద కూడా చారలుంటాయి. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదల్లో కాళ్ళ చారలు మరీ స్పష్టంగా కనిపించడం ఉంది. మరి ఈ చారలు ఎవరివి? గుర్రం, గాడిద, జీబ్రా ఒకే పూర్వీకుని సంతతి అయితే, ఆ పూర్వీకునికి చారలు ఉండి ఉండాలి.

అయితే దీనికి ఎదురు వాదన ఉంది. గుర్రాల రకాలు వేరు వేరు అడవి జాతుల నుంచి వచ్చాయనీ, వాటిలో ఇసుక రంగు జాతి ఒక్కటే చారలు గలదనీ, మిగతా రకాల్లో చార కనిపిస్తే అది ఆ జాతితో కలయిక వల్ల వచ్చిందేననీ హామిల్టన్ స్మిత్ అనే రచయిత నమ్మాడు. ఈ వాదనకు జవాబు చెప్పాలంటే ఒక్కటే దారి. ఒకదానితో ఒకటి కలిసే అవకాశం లేనంత దూరదేశాల గుర్రాల్లో చారలు ఉన్నాయో లేదో చూడాలి.

డార్విన్ ఉత్తరాలు పంపాడు. బెల్జియం నుంచి వచ్చిన ఒక బండి గుర్రాన్ని ఆయన కుమారుడే పరిశీలించి బొమ్మ గీసి ఇచ్చాడు. దాని రెండు భుజాల మీదా జోడు చారలున్నాయి. వేల్స్‌లోని ఒక చిన్న గుర్రం సంగతి నమ్మకమైన మరొకరు చెప్పారు. ఇంగ్లీషు పందెపు గుర్రాల్లో వెన్ను చార పెద్దవాటి కంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపిస్తుందని ఎడ్వర్డ్స్ అనే అతని ద్వారా తెలిసింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) డార్విన్ 1836 తరువాత సమాచారం సేకరించడానికి ముఖ్యంగా దేనిపై ఆధారపడ్డాడు?
ఆ) పావురాల్లో నీలి రంగు మళ్ళీ కనిపించడం వల్ల ఆయన ఏమి గ్రహించాడు?

5. కాఠియావాడ్ నుంచి వచ్చిన సమాచారం

అన్నిటికంటే బలమైన సాక్ష్యం మన దేశం నుంచి వెళ్ళింది. కర్నల్ పూల్ అనే సైనికాధికారి ప్రభుత్వం తరఫున కాఠియావాడీ జాతి గుర్రాలను పరీక్షించినవాడు. ఆయన డార్విన్‌కు చెప్పిన విషయాలు ఇవి. ఈ జాతిలో చారలు ఎంత సాధారణమంటే, చార లేని గుర్రాన్ని అక్కడివారు శుద్ధమైన జాతిదిగా ఎంచరు. వెన్ను చార ఎప్పుడూ ఉంటుంది. కాళ్ళ మీద తరచుగా చారలుంటాయి. భుజం మీది చార కొన్నిసార్లు రెండుగా, మూడుగా ఉంటుంది. చెంపల మీద, ముక్కు పక్కన చారలున్న గుర్రాలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. బూడిద రంగు, జేగురు రంగు కాఠియావాడీ పిల్లలు పుట్టినప్పుడు చారలతో ఉండి, పెరిగేకొద్దీ ఆ చారలు మాసిపోతాయి.

అడవి గాడిద పిల్లల కాళ్ళ మీద కూడా సాధారణంగా చారలుంటాయని పూల్ తెలియజేశాడు. ఆ జంతువు ఆసియాలో పలుచోట్ల ఉంది. గుజరాత్‌లోని చిన్న రణ్ ప్రాంతంలో దానిని నేటికీ చూడవచ్చు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. చార లేని గుర్రం శుద్ధమైనది కాదన్న మాట మొదట ఎవరిది? పూల్‌ది కాదు. తరతరాలుగా ఆ గుర్రాలను పెంచి, ఈనినప్పుడు పక్కన ఉండి, పిల్ల ఒంటి మీది చార ఏ నెలలో మాసిపోతుందో చూసిన కాఠియావాడ్ పెంపకందారులది. పూల్ పేరు గ్రంథంలో ఉంది. వారి పేర్లు లేవు. వారు ఆ మాటను సిద్ధాంతం కోసం చెప్పలేదు. గుర్రం వెల కట్టడం కోసం చెప్పారు. బతుకుతెరువు కోసం చూసిన చూపు కనుకనే అది అంత నిశితంగా ఉంది.

6. తెలుగు జిల్లాల నుంచి ఒక చేయి

డార్విన్‌కు సహాయపడినవారిలో తెలుగువారికి పరిచయమైన పేరు ఒకటుంది. సర్ వాల్టర్ ఎలియట్ 1803లో ఎడింబరోలో పుట్టి, 1821లో మద్రాసుకు వచ్చిన కంపెనీ ఉద్యోగి. 1845లో గుంటూరు జిల్లా పరిస్థితిని విచారించడానికి నియమితుడయ్యాడు. తరువాత 1854 వరకు ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేశాడు. అమరావతి స్తూపం వద్ద తవ్వించి శిల్పాలను మద్రాసుకు పంపినది ఈయనే. ఆ శిల్పాల్లో చాలా భాగం తరువాత లండన్‌కు తరలిపోయింది. తెలుగు జిల్లాల్లోని మొక్కల తెలుగు పేర్లను సేకరించి 1859లో ఒక పుస్తకంగా ప్రకటించాడు. అదే ఏడాది డార్విన్ గ్రంథం కూడా వెలువడింది.

1856లో డార్విన్ పెంపుడు పక్షుల చర్మాలు కావాలని ఎలియట్‌కు రాశాడు. ఎలియట్ మన దేశపు పావురాల, కోళ్ళ చర్మాలను ఓడలో పంపించాడు. గుర్రాల సంగతిలో కూడా ఆయన ఒక చిన్న సమాచారం ఇచ్చాడు. బర్మాలోని పెగూ ప్రాంతపు పొట్టి గుర్రాలు రెండింటిని చూశాననీ, జేగురు రంగులో ఉన్న వాటి కాళ్ళ మీద చారలున్నాయనీ తెలిపాడు. షాన్ గుర్రాలకు కూడా చారలుంటాయని కలకత్తా ఆసియాటిక్ సొసైటీ మ్యూజియం అధికారి ఎడ్వర్డ్ బ్లైత్ రాశాడు.

రెండే రెండు గుర్రాల సంగతి ఎందుకు అని మీకు అనిపించవచ్చు. బెల్జియం, వేల్స్, కాఠియావాడ్, బర్మా – వీటిని పటం మీద గుర్తించండి. ఇంత దూరంలో, ఇంత తేడాగా ఉన్న గుర్రాలన్నిటికీ ఒకే ఇసుక రంగు జాతితో కలయిక జరిగిందనడం కష్టం. చారలు అందరికీ పూర్వీకుడైన ఒక్కరి నుంచి వచ్చాయనడం సులభం.

7. 1858 – కష్టకాలం

డార్విన్ తన పెద్ద గ్రంథాన్ని 1856లో మొదలుపెట్టి నెమ్మదిగా రాస్తున్నాడు. 1858 జూన్‌లో ఆల్ఫ్రెడ్ వాలేస్ అనే యువ పరిశోధకుని నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇండోనేషియా దీవుల నుంచి వచ్చిన ఆ ఉత్తరంలో డార్విన్ ఇరవై ఏళ్ళుగా దాచుకున్న ఆలోచనే ఉంది. ఉత్తరాలతో జ్ఞానం పోగుచేసిన మనిషికి ఒక ఉత్తరమే దెబ్బ అయింది. అదే సమయంలో ఏడాదిన్నర వయసున్న చివరి కుమారుడు విషజ్వరంతో జూన్ 28న చనిపోయాడు.

మిత్రులు పూనుకుని జూలై 1న ఇద్దరి రచనలనూ లండన్‌లోని లినేయన్ సొసైటీలో కలిపి చదివించారు. ఆ సభకు డార్విన్ వెళ్ళలేదు. పెద్ద గ్రంథం పక్కన పెట్టి, దాని సంగ్రహాన్ని రాశాడు. 1859 నవంబరు 24న జాతుల ఉత్పత్తిని గురించిన ఆ గ్రంథం వెలువడింది. మొదట 1,250 ప్రతులు అచ్చయ్యాయి. అందులోని ఐదో అధ్యాయంలో కాఠియావాడీ గుర్రం, పూల్ పేరు ఉన్నాయి. ఆ చారల సంగతి మొత్తం 1868లో వచ్చిన మరో రెండు సంపుటాల గ్రంథంలో వివరంగా ఉంది.

8. ఆయన పొరబడిన చోటు

గొప్పవారి జీవితం చదివేటప్పుడు వారి పొరపాట్లు కూడా తెలుసుకోవాలి. మార్టన్ ప్రభువు అనే ఆయన తన గుర్రాన్ని, జీబ్రా బంధువైన క్వాగాతో జతకట్టించాడు. చారలున్న పిల్ల పుట్టింది. తరువాత అదే గుర్రాన్ని అరబ్బీ మగ గుర్రంతో జతకట్టించారు. ఆ పిల్లల కాళ్ళ మీద కూడా చారలు కనిపించాయి. మొదటి తండ్రి ప్రభావం తల్లి ఒంట్లో ఉండిపోయి, తరువాతి పిల్లలకూ వచ్చిందని మార్టన్ నమ్మి, 1820లో రాయల్ సొసైటీకి తెలియజేశాడు. డార్విన్ కూడా దీనిని నమ్మాడు.

1890 దశకంలో ఎడింబరో ఆచార్యుడు కాసర్ ఎవార్ట్ జీబ్రాతో ఈ ప్రయోగాన్ని మళ్ళీ చేశాడు. జీబ్రా నీడ కూడా పడని గుర్రాల పిల్లల్లో సైతం చారలు కనిపిస్తాయని చూపాడు. ఆ నమ్మకం వీగిపోయింది.

మీరు ఐదో భాగాన్ని మళ్ళీ చదవండి. కాఠియావాడ్‌లో బూడిద రంగు, జేగురు రంగు పిల్లలు చారలతో పుడతాయని పూల్ చెప్పాడు కదా. అక్కడ క్వాగా లేదు, జీబ్రా లేదు. అంటే మార్టన్ ప్రభువు కథకు జవాబు డార్విన్ బల్ల మీదనే ఉంది. రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చూడటంలోనే ఆయన తడబడ్డాడు. వంశపారంపర్య సూత్రాలను మెండెల్ 1866లోనే ప్రకటించినా, అవి డార్విన్‌కు చేరలేదు.

9. నేటి విజ్ఞానం ఏమంటుంది?

2016లో శాస్త్రజ్ఞులు గుర్రాల ఇసుక రంగుకు కారణమైన జన్యువును గుర్తించారు. ఆ రంగు గుర్రం వెంట్రుకలో వర్ణకం ఒక పక్కనే చేరుతుంది. అందుకే ఒళ్ళు లేతగా కనిపిస్తుంది. చారలున్న చోట మాత్రం వెంట్రుక చుట్టూ వర్ణకం చేరి నల్లగా ఉంటుంది. ఆ జన్యువు పనిలో మార్పు వచ్చిన గుర్రాల్లో ఒళ్ళంతా ముదురు రంగు వచ్చి చార కలిసిపోతుంది. ఇసుక రంగే పాతదనీ, ముదురు రంగులు తరువాత వచ్చాయనీ దీనివల్ల తేలింది. మంగోలియా అడవి గుర్రం నేటికీ అదే రంగులో ఉంది. పూర్వీకుని ఒంటినిండా జీబ్రా వలె చారలున్నాయని మాత్రం ఈ పరిశోధన చెప్పలేదు. గుర్రాల చారలు పాత కాలపు గుర్తులన్న డార్విన్ మాట మాత్రం నిలిచింది.

10. చివరి రోజులు

డార్విన్ ఉత్తరాలు రాయడం చివరిదాకా మానలేదు. 1882 ఏప్రిల్ 19న డౌన్ గ్రామంలో తన ఇంట్లోనే మరణించాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేశారు. వృద్ధాప్యంలో చూపు పోగొట్టుకున్న ఎలియట్ 1887లో మరణించాడు.

సారాంశం

డార్విన్ అనారోగ్యంతో ఇంటికే పరిమితమైనా, ఉత్తరాల ద్వారా ప్రపంచమంతటి నుంచి సమాచారం సేకరించాడు. కాఠియావాడీ గుర్రాల చారలు గుర్రం, గాడిద, జీబ్రాలకు ఒకే పూర్వీకుడున్నాడన్న వాదానికి బలమిచ్చాయి. ఆ సమాచారానికి మూలం పేరు తెలియని పెంపకందారుల అనుభవం. ఒక సమాచారాన్ని మరొక దానితో సరిచూడనప్పుడు డార్విన్ కూడా పొరబడ్డాడు.

మీరు చేయవలసిన పని

మీ వీధిలో బట్టల మూటలు మోసే గాడిద గాని, జట్కా గుర్రం గాని, ఊరేగింపు గుర్రం గాని కనిపిస్తే దాని వెన్ను, భుజం, కాళ్ళు పరిశీలించండి. రంగు, వయసు, చారల సంఖ్య, తేదీ ఒక కాగితం మీద రాయండి. దాని యజమానిని అడిగి, అది పిల్లగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో కూడా రాయండి. ఆయన పేరు రాయడం మరచిపోకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) హామిల్టన్ స్మిత్ వాదనకు దూరదేశాల గుర్రాలు ఎలా జవాబు ఇచ్చాయి?
ఆ) మార్టన్ ప్రభువు నమ్మకం తప్పని ఎవరు, ఎలా చూపారు?
ఇ) కాఠియావాడ్ పెంపకందారులు చారలను దేనికి గుర్తుగా ఎంచారు? డార్విన్ దేనికి గుర్తుగా ఎంచాడు? తేడా రాయండి.